పందొమ్మిది రోజుల మేయరు మనవడు

డెల్మర్ యోకమ్‌కి ఆ కాగితం దొరికిందా, తనే రాసుకున్నాడా? ముప్పై ఏడేళ్ళయింది, నాకింకా తెలియదు. ఒక్కో ఏడాది దొరికిందనిపిస్తుంది, ఒక్కో ఏడాది రాసుకున్నాడనిపిస్తుంది. నాకిప్పుడు ఎనభై అయిదు. ఇక తేలుతుందన్న ఆశ లేదు గనక, తేలనట్టుగానే రాసి పెడుతున్నాను.

మా ఊరు హ్యాడ్లీ బెండ్. ఒహాయో నది ఒంపులో తొమ్మిది వేల మంది ఉండే ఊరు. మట్టి గొట్టాలు కాల్చే బట్టీలు మూతపడ్డాక మాకు గొప్పగా చెప్పుకోవడానికి మిగిలినవి ఒక వంతెన, సిటీ హాల్ మెట్ల పక్కన గోడ మీద వరసగా వేలాడే మేయర్ల ఫోటోలు. ఏటా జనవరి మొదటి సోమవారం, సాయంత్రం అయిదింటికి, కౌన్సిల్ కొత్త ఏడాది తొలి సమావేశంలో మేయర్ల పిలుపు ఉంటుంది. సిటీ క్లర్కు లేచి నిలబడి మొట్టమొదటి మేయరు దగ్గర్నుంచి ఒక్కొక్క పేరే చదువుతాడు. ఆ మేయరు వంశంలో ఎవరైనా హాల్లో ఉంటే లేచి "హాజరు" అనాలి. రక్త సంబంధం ఉన్నవాళ్ళే అనాలి, అల్లుళ్ళకీ కోడళ్ళకీ ఆ హక్కు లేదు. ఎవరూ లేకపోతే క్లర్కు మనసులో మూడు లెక్కపెట్టి తరవాతి పేరుకి పోతాడు. ఆ మూడు లెక్కలంటే మా ఊరివాళ్ళకి భయం. ఆరో మేయరు మునిమనవరాలు ఒకావిడ, ఊపిరి సరిగా ఆడని మనిషి, ఆక్సిజన్ ఉండే గాలి సీసా బండి లాక్కుంటూ వచ్చి, "హాజరు" అనేసి, ఏడో పేరు వినకుండానే ఇంటికి వెళ్ళిపోయేది.

పన్నెండో మేయరు ఆంబ్రోస్ పెటిట్. పదమూడో మేయరు ఆరిన్ స్ప్రేగ్. నేను చెబుతున్న రోజుల్లో సిటీ క్లర్కు హోబర్ట్ సిస్క్, స్ప్రేగ్ కూతురి కొడుకు. కాబట్టి పదమూడో పేరు తనే చదివి, కళ్ళద్దాలు తీసి, తనే "హాజరు" అనేవాడు. ఏటా హాలంతా నవ్వేది. కోట్లు తగిలించే కొయ్యల దగ్గర, వెనకగోడకి ఆనుకుని నిలబడిన డెల్మర్ మాత్రం నవ్వేవాడు కాదు.

డెల్మర్ సిటీ హాల్ భవనం చూసుకునే మనిషి. బాయిలర్ రాజేయడం, కుర్చీలు వేయడం, మెట్లు కడగడం, గడియారానికి కీ ఇవ్వడం అన్నీ అతనే. పొడుగు మనిషి, బాయిలర్ గది తలుపు పొట్టిది కావడంతో ఏళ్ళ తరబడి వంగి వంగి, బయట కూడా వంగే నడిచేవాడు. గొట్టాల బట్టీల పక్కన కూలీల వరస ఇళ్ళలో పుట్టాడు. కొరియా యుద్ధానికి వెళ్ళొచ్చి బట్టీలో చేరాడు, బట్టీ మూతపడ్డాక సిటీ హాల్‌కి వచ్చాడు. భార్య పేరు ఓపల్. పిల్లలు లేరు. ఓపల్ పోయి అప్పటికి మూడేళ్ళు.

అతను ఏడుగురు మేయర్ల కింద పనిచేశాడు. "కింద" అని తెలిసే రాస్తున్నాను. బాయిలర్ గది సరిగ్గా మేయరు గది కిందే ఉండేది. ఒకసారి అన్నాడు నాతో: "మొహాలు మీరు చూడండి మిస్ లెనోర్. నాకు అడుగులు చాలు. మడమల మీద నడిచే మేయరు ఉత్తరాలు చదవడండీ, సంతకం పడేస్తాడంతే. కాలి వేళ్ళ మీద నడిచేవాడైతే ప్రతిదీ రెండుసార్లు చదువుతాడు, సంతకం మాత్రం పెట్టడు."

"ఇప్పటావిడ?"

"వెర్నా క్లేపూల్ గారా? ఆవిడ నడవరు. కుర్చీ చక్రాల మీద దొర్లుతారు."

నేను పక్క వీధిలో లైబ్రరీలో, ఊరి చరిత్ర పుస్తకాలుండే గది చూసుకునేదాన్ని. అతను మధ్యాహ్నం చిక్కుడు గింజల సూపు తాగేసి, మొక్కజొన్న రొట్టె ముక్క నములుతూ వచ్చి, గుమ్మంలోనే చొక్కా దులుపుకుని లోపలికొచ్చేవాడు. చదివేది ఒకటే, పాత కౌన్సిల్ మినిట్స్, అంటే సమావేశాల్లో జరిగింది రాసిపెట్టిన పుస్తకాలు. ఎందుకని అడిగితే "ఊరికే" అనేవాడు. ఎందుకో ఊరందరికీ తెలుసు.

అతని తాత ఆసా యోకమ్ 1921లో బట్టీలో మేస్త్రీ, కౌన్సిల్ అధ్యక్షుడు కూడా. ఆ ఫిబ్రవరిలో మేయరు పెటిట్ విందులో నత్తగుల్లలు తింటూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. ప్రత్యేక ఎన్నిక జరిగి స్ప్రేగ్ వచ్చేదాకా పందొమ్మిది రోజులు. ఆ పందొమ్మిది రోజులూ మేయరు ఎవరు? మా చట్టం ప్రకారం కౌన్సిల్ అధ్యక్షుడు క్లర్కు ఎదుట ప్రమాణం చేస్తే అతనే మేయరు. చెయ్యకపోతే కుర్చీ ఖాళీ. డాటీ హోటల్లో కౌంటరు ముందు కూర్చునే ముసలివాళ్ళకి ఇదో పాత వేళాకోళం. "ఆ పందొమ్మిది రోజులూ ఊరికి మేయరే లేడోయ్. అంత బాగా ఊరు మళ్ళీ ఎప్పుడూ నడవలేదు" అనేవారు, డెల్మర్ వినేలా.

యోకమ్‌ల ఇంట్లో మాట వేరు. తాత ప్రమాణం చేశాడని, ఆ పందొమ్మిది రోజుల్లో ఒకే ఒక్క ఉత్తర్వు ఇచ్చాడని. నదిలో మంచు గడ్డ కట్టి, పగలడానికి సిద్ధంగా ఉంది. దిగువ వాటర్ వీధిలో నలభై కుటుంబాలు. పొద్దుగూకేలోగా అందర్నీ గుట్ట మీది చర్చికి తరలించమన్నాడట. తెల్లారేసరికి మంచు పగిలి, ఆ వీధిలో పదకొండు ఇళ్ళని నదిలోకి తోసుకుపోయింది. ఒక్కరూ చావలేదు. చర్చి గోడకి ఇప్పటికీ ఒక కంచు పలక ఉంది. దాని మీద "ఆరిన్ స్ప్రేగ్ ముందుచూపునకు కృతజ్ఞతతో" అని ఉంటుంది. స్ప్రేగ్ అప్పటికింకా ఎన్నికే కాలేదు. ఈ సంగతి పలక చేయించినవాళ్ళకి గుర్తు లేదో, గుర్తున్నా అక్కర్లేదో.

ఋజువు మినిట్స్ పుస్తకంలో ఉండాలి. 1937 వరదలో కింది అంతస్తు ఇనప గదిలోని పుస్తకాలన్నీ నానిపోయాయి. 1921 సంపుటం ఉబ్బి రొట్టెలా ఉంటుంది. ఫిబ్రవరిలో ఒక ఆకు లేదు. వరదలో పోయిందని చెప్పేవారు, నేనూ అదే నమ్మాను. ఒక వేసవిలో ఆ పుస్తకం బాగు చేయించాలని తెప్పించుకుని చూస్తే, ఆకు పోయినచోట కుట్టు దగ్గర పీలిక మిగిలి ఉంది. అంచు సన్నగా, తిన్నగా ఉంది. నీళ్ళు చింపితే అలా చింపవు. ఎవరో రూళ్ళబద్ద పెట్టి కోశారు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు.

1987 అక్టోబరులో ఒక మంగళవారం డెల్మర్ వచ్చాడు. చొక్కా దులుపుకోలేదు. రొట్టెలు చుట్టే మైనం కాగితాల మధ్య పెట్టుకొచ్చినదాన్ని నా బల్ల మీద విప్పాడు.

"మేడ మీద క్లర్కు గదిలో పాత ఓక్ బీరువా ఉంది చూడండి, రంగులేద్దామని జరిపాను. అడుగు సొరుగు వెనక పడి ఉందండీ ఇది."

పాత గీతల కాగితం. నల్ల సిరా గోధుమరంగుకి తిరిగింది. పెద్ద పెద్ద మెలికల చేతిరాత.

"ఫిబ్రవరి 9, 1921. గౌరవనీయ మేయరు పెటిట్ గారు స్వర్గస్థులైనందున, కౌన్సిల్ అధ్యక్షులు ఆసా యోకమ్ గారు ఈ దినమున క్లర్కు సమక్షమున ప్రమాణము చేసి ఆసనమును స్వీకరించిరి. దిగువ వాటర్ వీధి వాసులను సూర్యాస్తమయములోగా చర్చికి తరలింపవలెనని వారు ఉత్తరువు చేయగా, అయిదు వార్డుల సభ్యులును సమ్మతించిరి."

రెండుసార్లు చదివాను. అతను నా మొహమే చూస్తున్నాడు.

"నాకేమీ వద్దు మిస్ లెనోర్. ఫోటో కూడా వద్దు. ఆయన పేరు ఒక్కసారి చదివితే చాలు. నేను లేచి హాజరంటాను. నా తరవాత అనడానికి ఎవరూ లేరు గదా. ఆ తరవాత మూడు లెక్కపెట్టుకుంటే పెట్టుకోనీండి."

అది నిజమైన కోరిక. అందులో నాకెప్పుడూ అనుమానం లేదు. మిగతా అన్నింటిలో ఉంది.

అతను వెళ్ళగానే పాత పుస్తకాల కార్డులు తీశాను. ఎందుకు తీశానంటే, ఎప్పుడో ఒక సంగతి జరిగిందని వేళ్ళకి గుర్తుంది. ఉంది. మూడేళ్ళ కిందట, నవంబరులో, పాతకాలపు దస్తూరీ నేర్పే పుస్తకం డెల్మర్ యోకమ్ పేరు మీద వెళ్ళింది. రెండుసార్లు గడువు పొడిగించుకున్నాడు. అప్పుడు అడిగాను కూడా. "ఓపల్ సమాధి రాయి మీద అక్షరాలకండీ. చెక్కేవాడు వేసేవి డబ్బా అక్షరాలు, ఆవిడకి నచ్చవు" అన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక శ్మశానానికి వెళ్ళి చూశాను. ఓపల్ యోకమ్ పేరు రాతి మీద మెలికలు తిరిగి ఉంది, పాత దస్తూరీలోనే. అంటే అతను అప్పుడు అబద్ధం చెప్పలేదు. కాసేపు మనసు తేలిక పడింది. గేటు దాకా వచ్చేసరికి మళ్ళీ బరువెక్కింది. రాతికి గీసి ఇవ్వగలిగిన చెయ్యి కాగితం మీద రాయలేదా? వరద తరవాతి పాత సంపుటాల చివర ఖాళీ ఆకులు బోలెడు. ఇనప గది తాళాలు అతని నడుముకే వేలాడుతుంటాయి.

అయితే ఆ తాళాల రెండో జత హోబర్ట్ దగ్గర ఉంది. అంతకుముందు వాళ్ళ తాత స్ప్రేగ్ దగ్గర ఉండేది. ఆ ఓక్ బీరువా కూడా స్ప్రేగ్ కాలంలోదే. కోసిన ఆకుని తగలబెట్టకుండా ఎవరైనా బీరువాలో దాస్తారా? దాస్తారు. లైబ్రరీలో ఇరవై ఏళ్ళు చేశాక నాకు తెలిసిన సంగతి అది. పుస్తకాల్లో బొమ్మల పేజీలు కోసుకుపోయేవాళ్ళు వాటిని ఎన్నడూ పారెయ్యరు. నీళ్ళకి ఉబ్బి వంకరపోయిన పీలిక పక్కన కాగితం అంచు పెట్టి చూస్తే, కుదిరిందనీ కుదరలేదనీ చెప్పలేకపోయాను. కాగితం మీద వరద మరక లేదు. ముప్పై ఏడుకి ముందే కోసి మేడ మీద దాచి ఉంటే మరక ఉండదు. నిన్న రాసి ఉన్నా ఉండదు.

ఆ తరవాత నాకు అయిదు వార్డుల సంగతి కనిపించింది. కనిపించడానికి ఆరు రోజులు పట్టిందంటే నేనూ ఈ ఊరి మనిషినే కావడం వల్ల. మాకు వార్డులంటే అయిదే. కౌన్సిల్ బల్ల చుట్టూ అయిదు కుర్చీలు, ఊరేగింపులో అయిదు బళ్ళు, బేస్‌బాల్ ఆడే పిల్లలకి అయిదు జట్లు. పుట్టినప్పట్నుంచీ చూసినదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. కానీ వాగుకి అవతలున్న తూర్పు ఒడ్డు మా ఊళ్ళో కలిసింది 1926లో. అయిదో వార్డు పుట్టింది అప్పుడే. 1921లో ఉన్నవి నాలుగు. ఆనాటి క్లర్కు ఆ తప్పు రాయడు. ఈనాటి హ్యాడ్లీ బెండ్ మనిషెవడైనా రాసేస్తాడు, చెయ్యి ఆగకుండా.

డెల్మర్‌ని అడిగాను. మెట్ల మీద ఫోటోలు సర్దుతున్నాడు. ప్రతి సోమవారం ఒక్కొక్కటీ తిన్నగా ఉందో లేదో బొటనవేలితో చూసేవాడు.

"డెల్మర్, ఇరవై ఒకటిలో వార్డులు నాలుగే కదండీ?"

అతని బొటనవేలు ఆగింది. ఏ మేయరు ఫోటో మీద ఆగిందో కూడా నాకు గుర్తే, పందొమ్మిదో ఆయన. "అవునాండీ?" అన్నాడు. అంతే. గుడ్డ భుజాన వేసుకుని కిందికి పోయాడు.

మర్నాడు పొద్దున్న లైబ్రరీ తలుపు తీస్తుంటే మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "తూర్పు ఒడ్డువాళ్ళు చట్టం ఒప్పుకోకముందే వచ్చి కూర్చునేవాళ్ళండీ మిస్ లెనోర్. తాత చెప్పేవాడు. వాళ్ళ కుర్చీ వాళ్ళే మోసుకొచ్చేవాళ్ళట. అయిదో వార్డు మాదీ అని."

"ఈ మాట నిన్న చెప్పలేదేం?"

"నిన్న గుర్తు రాలేదండీ."

ఒక మనిషికి తాత మాట మర్నాటికి గుర్తు రావచ్చు. నాకే పేర్లు మూడో రోజుకి గుర్తొస్తాయి. ఒక రాత్రంతా కూర్చుని కట్టుకుని కూడా రావచ్చు. తూర్పు ఒడ్డు పాత కాగితాలు రెండు పెట్టెలు వెతికాను. కుర్చీ సంగతి ఎక్కడా లేదు. లేదని చెప్పే కాగితమూ లేదు.

మేయరు వెర్నా క్లేపూల్ ఈ సంగతి పట్టుకుంది. డిసెంబరు సమావేశంలో కౌన్సిల్ ముందు పెడతానంది. ఆవిడ తూర్పు ఒడ్డు మనిషి. బడి బస్సులు ఏ దారిన పోవాలో చెప్పే ఉద్యోగం చేసి, అక్కడి ఓట్లతోనే గెలిచింది. తన ఒడ్డువాళ్ళు 1921లోనే బల్ల దగ్గర కూర్చున్నారని చెప్పే కాగితం ఆవిడకి చేదా? ఆ కాగితం వెనక ఆవిడ చెయ్యి కూడా ఉందేమోనని ఒక వారం అనుమానపడ్డాను. అప్పట్లో నాకు ఎవరిని చూసినా అలాగే ఉండేది. పాలు తెచ్చేవాడు "ఏంటి మిస్ లెనోర్, ఆ కాగితం అసలుదేనా?" అంటే, వీణ్ణి ఎవరు పంపారా అనుకునేదాన్ని.

డాటీ హోటల్లో మాటలు ముదిరాయి.

"ఏమోయ్ డెల్మరూ, మీ తాతకింకా ఏమేం దొరికాయి? గవర్నరు పదవి ఏమైనా దొరికిందా సొరుగులో?"

"వెతుకుతున్నాను. నీ పళ్ళు మాత్రం దొరికాయి. కావాలంటే రేపు తెస్తా."

అందరూ పడీ పడీ నవ్వారు. పెనం దగ్గర నిలబడ్డ డాటీ అట్లకాడ చూపించి అరిచింది: "మీ తాతల్లో ఒక్కడైనా మంచు మీద నిలబడి ఒక్క ముసలమ్మని ఎత్తుకొచ్చాడట్రా? నోరు మూసుకుని తినండి." డెల్మర్ సూపు గిన్నె చేత్తో పట్టుకుని నిలబడే తాగి వెళ్ళిపోయాడు. ఆ వారం నుంచీ అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికి రావడం మొదలుపెట్టాడు. తలుపు వెనక నిలబడి "హాజరు" అని నెమ్మదిగా పలుకుతుంటే తాను విన్నానని వెర్నా నాతో చెప్పింది.

హోబర్ట్ సిస్క్ డిసెంబరు మొదట్లో నా గదికి వచ్చాడు. మేమిద్దరం ఒకే తరగతిలో చదువుకున్నాం.

"లెనోర్, నువ్వు కూడా చూసే ఉంటావు. వార్డుల సంగతి."

"చూశాను."

"మరింకేం? ఆ ముక్క చెప్పేయ్, అయిపోతుంది. పాపం ముసలాణ్ణి ఇంతమందిలో నిలబెట్టడం దేనికి?"

"ముసలాడేంటి, నీకంటే పదేళ్ళు పెద్ద అంతే. హోబర్ట్, నిన్నొకటి అడగనా? ఇరవై ఒకటి ఫిబ్రవరి ఆకు ఎవరు కోశారు?"

"ఎవరు కోయడమేంటి? వరద."

"వరద బద్ద పెట్టుకుని కోస్తుందా?"

అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిలుపు రోజున "హాజరు" అనేముందు తీసినట్టే. "నువ్వు చిన్నప్పుడూ ఇంతే. లెక్కల పరీక్షలో టీచరు ఇచ్చిన జవాబునే అనుమానించావు" అన్నాడు. నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వులో తెలిసినతనం ఉందా, తెలియనితనం ఉందా అని నేను సాయంత్రం దాకా ఆలోచించాను.

డిసెంబరు సమావేశానికి హాలు నిండింది. కాగితం ఒక గాజు పలక కింద పెట్టి బల్ల మీద ఉంచారు. డెల్మర్ కుర్చీలన్నీ వేసి, కోట్ల కొయ్యల దగ్గర తన చోటుకి పోయాడు. వెర్నా నా వైపు తిరిగింది. "మిస్ లెనోర్, మీరు చెప్పండి. ఇది అసలుదా, కాదా?"

దాచవచ్చు. వార్డుల సంగతి నేనెత్తకపోతే హోబర్ట్ ఎత్తుతాడు. అతనెత్తితే స్ప్రేగ్ మనవడి కక్ష అనుకుంటారు, మాట తేలిపోతుంది. నేను ఊరుకుంటే డెల్మర్‌కి అతని జనవరి దక్కుతుంది. అదంతా ఒక్క క్షణంలో నా కళ్ళముందు ఆడింది. కానీ అబద్ధమని తేలితే, నేనూరుకున్నానని తేలితే, ఆ పేరు చదివిన ప్రతిసారీ నేను తల దించుకోవాలి. ఉన్నదున్నట్టు చెప్పాను. కోసిన పీలిక గురించి చెప్పాను. అయిదు వార్డుల గురించి చెప్పాను. డెల్మర్ ఇచ్చిన జవాబూ చెప్పాను. "మర్నాడు చెప్పారు" అన్నాను. ఆ "మర్నాడు" అనడం అవసరమా అని ఈనాటికీ నన్ను నేను అడుగుతుంటాను.

"అంటే అసలుదంటారా, నకిలీ అంటారా?"

"రెండూ అనలేను."

డెల్మర్ నన్ను చూడలేదు. ఎవరిదో కోటు కొయ్య మీంచి జారితే తీసి తగిలించాడు.

గంటసేపు వాదించుకున్నారు. చివరికి హోబర్టే ఒక దారి చెప్పాడు. చాలా మర్యాదగానే చెప్పాడు. పేరు చదువుదాం, కానీ వెనక మూడు మాటలు చేరుద్దాం, "కుటుంబం చెప్పుకునే ప్రకారం" అని. అందరికీ నచ్చింది. వెర్నా కూడా ఒప్పుకుంది. చేతులెత్తారు, అయిపోయింది. హాలు ఖాళీ అయ్యాక డెల్మర్ దగ్గరికి వెళ్ళాను. కుర్చీలు మడుస్తున్నాడు.

"పేరైతే చదువుతారు డెల్మర్."

"చదువుతారండీ."

"మీరు హాజరనవచ్చు."

అతను కుర్చీ మడిచి గోడకి ఆనించాడు. "మిగతా ముప్పై ఇద్దరిదీ ఎవరు చెప్పుకునే ప్రకారమండీ మిస్ లెనోర్?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఇంకో కుర్చీ అందుకున్నాడు.

జనవరి నాలుగో తేదీ, సోమవారం. డెల్మర్ సూటు వేసుకున్నాడు. ఓపల్ అంత్యక్రియలకి వేసుకున్నదే, మెడ దగ్గర వదులైంది. టై కట్టుకున్నాడు. రేడియేటర్లు బాగా కాచాడు, హాలంతా వెచ్చగా ఉంది. డాటీ హోటల్ మూసేసి మరీ వచ్చింది. పళ్ళ గురించి మాట పడ్డ ముసలాయనా వచ్చాడు. నేను మూడో వరసలో చివర కూర్చున్నాను, వెనక్కి తిరిగి చూడటానికి వీలుగా.

హోబర్ట్ చదవడం మొదలుపెట్టాడు. హాజరు, హాజరు, మౌనం, హాజరు. గాలి సీసా ఆవిడ అని వెళ్ళిపోయింది. పన్నెండోది, ఆంబ్రోస్ పెటిట్. అతని మునిమనవరాలు చంకలో పిల్లతో లేచి అంది, పిల్ల కూడా ఏదో అంది, జనం నవ్వారు. నవ్వు ఆగేదాకా హోబర్ట్ ఆగాడు.

"ఆసా యోకమ్. కుటుంబం చెప్పుకునే ప్రకారం, పందొమ్మిది రోజులు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. డెల్మర్ గోడకి ఆనుకుని లేడు, నిటారుగా నిలబడి ఉన్నాడు. అంత పొడుగుగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు. నోరు తెరిచాడు. పెదవులు ఆ మాటకి కుదిరాయి కూడా. నేను లెక్కపెడుతున్నాను. ఒకటి. రెండు. మూడు. హోబర్ట్ ఆగే ఉన్నాడు. నాలుగు. అయిదు. ఎన్నడూ మూడు దాటని మనిషి ఏడు దాకా ఆగాడు. జాలితో ఆగాడా, అందరూ బాగా చూడాలని ఆగాడా, అదీ తేలలేదు నాకు. డెల్మర్ నోరు మూసుకున్నాడు.

"ఆరిన్ స్ప్రేగ్." హోబర్ట్ కళ్ళద్దాలు తీశాడు. "హాజరు." ఆ ఏడాది ఎవరూ నవ్వలేదు.

డెల్మర్ చివరి పేరు దాకా అక్కడే ఉన్నాడు. అయ్యాక ఎవరి కోటు వాళ్ళకి అందించాడు. నా కోటు కూడా పట్టుకున్నాడు, చేతులు దూర్చాను. కాలరు మడత పడితే సరిచేశాడు. "జారుతుందండీ మెట్ల దగ్గర, చూసుకుని దిగండి" అన్నాడు. అందరితోనూ అన్న మాటే.

దొంగ కాగితం రాసినవాడైతే, ఎంత మెలిక పెట్టి చదివినా హాజరనేసేవాడు, దానికోసమే కదా రాసింది. ఆ రాత్రి నాకు అలా అనిపించింది. తెల్లారేసరికి, రాసినవాడు కాబట్టే నోరు రాలేదేమో అనిపించింది.

పొద్దున్న ఎనిమిదిన్నరకి వెర్నా ఫోన్ చేసింది. "డెల్మర్ అక్కడికేమైనా వచ్చాడా మిస్ లెనోర్? ఇక్కడ బాయిలర్ చల్లగా ఉంది. తాళాల గుత్తి నా బల్ల మీద పెట్టి ఉంది. కాగితమేం లేదు, ముక్క కూడా రాయలేదు."

"ఇంటికి ఎవర్నైనా పంపారా?"

"పంపాను. తలుపు దగ్గరికి వేసి ఉందట. కుర్చీల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయట. కెంటకీలో మేనకోడలు ఉందని పక్కింటావిడ అంటోంది. ఆ కుర్చీ సంగతి, తూర్పు ఒడ్డువాళ్ళు కుర్చీ మోసుకురావడం, నిజమేనంటారా?"

"మీ ఒడ్డు సంగతి మీకు తెలియాలి."

"మా నాన్నమ్మని అడిగి ఉండాల్సింది" అంది ఆవిడ. ఫోన్ పెట్టేసింది.

నేను ఫోన్ పెట్టి కిటికీ వైపు తిరిగాను. వంతెనకి పోయే దారి మా లైబ్రరీ ముందు నుంచే. మలుపు దగ్గర ఎర్ర దీపం. దాని కింద డెల్మర్ పాత ఆకుపచ్చ ట్రక్కు ఆగి ఉంది. వెనక రెండు పెట్టెలు, తాడు కట్టిన ఒక పరుపు. అతను రెండు చేతులూ చక్రం మీద పెట్టుకుని కూర్చున్నాడు. మా మధ్య అద్దం, నాలుగు మెట్లు, ఒక కాలిబాట. నేను కిటికీ దగ్గర ఉంటానని అతనికి తెలుసు, ఆ వేళప్పుడు రోజూ ఉంటాను. బయటికి పరిగెత్తి వెళ్ళవచ్చు. వెళ్ళి ఏం అడుగుతాను? అడగడానికి నా దగ్గర ఉన్నది ఒకే ప్రశ్న, ఆ ప్రశ్నే అతన్ని ట్రక్కు ఎక్కించింది. చెయ్యి మాత్రం ఎత్తాను.

దీపం పచ్చగా మారింది. అతను తల తిప్పలేదు. ట్రక్కు మలుపు తిరిగి వంతెన ఎక్కింది.